వాచీలో మజూరీ

గంభీరావుపేటలో బంగారం ధర తెలియని ఇల్లు ఉండదు. తులం ఎంత నడుస్తోందో పొద్దున్నే ఫోన్‌లో చూసుకుంటారు. నగ అమ్మబోతే తరుగు ఎంత పోతుందో, మజూరీ ఎంత మునుగుతుందో ముందే లెక్కేసుకుని దుకాణం మెట్లెక్కుతారు. అదే ఇంట్లో, అదే బీరువాలో, నగల డబ్బా పక్కనే ఒక వాచీ ఉంటుంది. దాని ధర ఎంతంటే మాత్రం ఒకరు లక్ష అంటారు, ఇంకొకరు రెండు వందలకు కూడా పోదంటారు.

అది గల్ఫ్ వాచీ. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఈ పట్టీ అంతా డెబ్బయ్యో దశకం నుంచి దుబాయికి, మస్కట్‌కు, బహ్రెయిన్‌కు, సౌదీకి మనుషుల్ని పంపిన నేల. రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వచ్చినప్పుడు సూట్‌కేసులో టూ-ఇన్-వన్, సెంటు సీసాలు, మెరుపు చీరలు, వాటి మధ్య చేతిరుమాలులో చుట్టిన వాచీ. కూలి పనికి పోయినవాళ్లు సీకో ఫైవ్ తెచ్చారు, ఫోర్‌మన్ దాకా ఎదిగినవాళ్లు రాడో తెచ్చారు. అల్లుడికి పెట్టేవాటిలో సైకిలూ రేడియోలతో పాటు ఏదో ఒక వాచీ ఉంటే చాలనుకున్న కాలం పోయి, 'రాడో పెట్టిండ్రు' అని ఊరంతా చెప్పుకునే కాలం వచ్చింది ఆ తరంలోనే.

ఆ వాచీలు ఇప్పుడు కొడుకుల చేతికి వచ్చాయి. ఫోన్‌లో టైం చూసుకునే కొడుకు దాన్ని అమ్మేద్దామనుకుంటాడు. తీసుకుపోయేది ఎక్కడికంటే, అలవాటైన బంగారం దుకాణానికే. "సేటు, బాపు దుబాయి నుంచి తెచ్చిండు. ఎంతొస్తది?" సేటు అరచేతిలో ఆడించి బరువు చూస్తాడు, గీటురాయికి పనికిరాని సరుకని తిరిగి చేతిలో పెడతాడు.

తప్పు సేటుది కాదు, లెక్కే వేరు. నగను అమ్మితే మిగిలేది లోహం, పోయేది మజూరీ. వాచీలో లోహం పాత ఇనుప సామాను ధరకు మించదు, ఉన్నదంతా మజూరీయే. కాబట్టి వాచీ విలువ కట్టాలంటే రెండు చూడాలి: దాన్ని ఎంత పనితనంతో చేశారు, ఆ పనిలో ఎంత చెయ్యి పడకుండా మిగిలింది. ఇది నేర్చుకోవడానికి జెనీవా వేలంపాటకు పోనక్కర్లేదు. గంభీరావుపేట బీరువాల్లో దొరికే రెండు రకాలు చాలు.

మొదటిది రాడో డయాస్టార్. కోడిగుడ్డును పక్కకు పరిచి అణచినట్టుండే ఆ ఆకారాన్ని ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. రాడో కంపెనీ మూలం స్విట్జర్లాండ్‌లోని లెంగ్నౌ ఊళ్లో 1917లో ష్లుప్ సోదరులు పెట్టిన చిన్న కర్మాగారం. వాళ్లు మొదట ఇతరుల కోసం వాచీ యంత్రాలు చేసేవాళ్లు. రాడో పేరుతో సొంత వాచీలు పెద్ద ఎత్తున వచ్చింది 1950ల చివర్లో. 1962లో డయాస్టార్ తెచ్చినప్పుడు వాళ్లు చెప్పుకున్న గొప్ప ఒక్కటే: దీని మీద గీత పడదు.

ఆ మాట ఉత్త ప్రచారం కాదు. వాచీ పైకవచం ఉక్కుది కాదు, టంగ్‌స్టన్ కార్బైడ్‌ది. లోహాలన్నిటిలోకీ ఎక్కువ వేడికి కరిగేది టంగ్‌స్టన్, 3,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు. దాని కార్బైడ్‌ను కూడా కరిగించి అచ్చులో పోయడం మామూలు మాట కాదు. అందుకని పిండిగా చేస్తారు. ఆ పిండిలో కొంచెం కోబాల్ట్ కలిపి, అచ్చులో గట్టిగా నొక్కి, 1,400 డిగ్రీలకు అటూ ఇటూగా వేడి ఉండే కొలిమిలో పెడతారు. కోబాల్ట్ మెత్తబడి కార్బైడ్ రేణువులను అతుకుతుంది. ఆ కాలుపులో ముద్ద ప్రతి దిక్కునా దాదాపు అయిదో వంతు కుంచించుకుపోతుంది. అంటే అచ్చు చేసేవాడు చివరి కొలతను కాదు, కుంచించుకుపోకముందు ఉండాల్సిన కొలతను లెక్కగట్టి చెయ్యాలి. లోపల గాజు, డయల్, యంత్రం కూర్చోవలసిన చోట వెంట్రుక మందం తేడా వచ్చినా ఆ ముక్క పనికిరాదు. కాలిన తర్వాత దిద్దుదామంటే ఏ ఆకురాయీ దాన్ని తాకలేదు, వజ్రపు పొడితోనే అరగదియ్యాలి. మామూలు వాచీ ఉక్కు కన్నా అది అయిదారు రెట్లు గట్టిది.

ఈ పదార్థం గంభీరావుపేటకు కొత్తదేమీ కాదు. నర్మాల దగ్గర ఎగువ మానేరు కట్ట ఉన్నా, వానలు పట్టని ఏళ్లలో ఈ మండలం బోర్లనే నమ్ముకుంది. బోరు బండి బిట్టు మొహం మీద గుండ్రటి గుబ్బలుంటాయి కదా, రాతిని పిండి చేసేవి, అవీ ఇదే టంగ్‌స్టన్ కార్బైడ్, ఇదే కోబాల్ట్ అతుకు. నాలుగు వందల అడుగుల లోతున నల్లరాయిని నమిలే సరుకును స్విస్‌వాళ్లు అద్దంలా మెరిసేదాకా అరగదీసి మణికట్టు మీద పెట్టారు. నాకు ఈ వాచీలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

పైకవచాన్ని కిటికీ వెలుతురులో పెట్టి నెమ్మదిగా తిప్పి చూడండి. ముప్పై ఏళ్లు చేతికి ఉండి, సిమెంటు పనిలో, ఇసుక గాలిలో తిరిగిన వాచీ అయినా ఆ వంపు మీద వెలుతురు ఎక్కడా తెగకుండా జారుతుంది. అదే వాచీని తిరగేస్తే వెనక మూత మామూలు ఉక్కు. దాని మీద సన్నటి గీతలు వలలా అల్లుకుని ఉంటాయి, చెమటకు రాసుకుని అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి. ఒకే వాచీ, ఒకే వయసు. ముందువైపు చూస్తే నిన్న కొన్నట్టు, వెనకవైపు చూస్తే తాతలనాటిది. నకిలీని పట్టుకోవడానికి ఇదే మంచి దారి. పైన కూడా గీతలు పడ్డాయంటే అది కార్బైడ్ కాదు. నకిలీ రాడోలు మన బజార్లకు కొత్త కాదు, దుబాయిలో కొన్నంత మాత్రాన అసలుదని రాసిచ్చినట్టూ కాదు.

గట్టిదనానికి మూల్యం ఉంది. కార్బైడ్ గీత పడనివ్వదు గానీ దెబ్బ ఓర్చుకోదు. ఉక్కు వాచీ బండల మీద పడితే సొట్ట పడుతుంది, డయాస్టార్ పడితే అంచు పెచ్చు ఊడుతుంది. ఊడిన పెచ్చును అతకడం, దిద్దడం ఉండదు. అమ్మేటప్పుడు కొనేవాడు మొదట వేలు పెట్టి తడిమేది ఆ అంచునే.

గాజు సంగతీ ఇంతే. అది కృత్రిమ నీలమణి, అంటే అల్యూమినా పొడిని మంటలో కరిగించి పెంచిన స్ఫటికం. 1902లో వెర్నుయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లోకానికి చెప్పిన పద్ధతి దీనికి మూలం. ఒక నీటిచుక్క వేస్తే అది పరుచుకోకుండా ముత్యంలా నిలబడుతుందని వాచీ మెకానిక్కులు పరీక్షిస్తారు. నీలమణిని పోల్చుకోవడానికి అది పనికొస్తుంది, రాడోను పోల్చుకోవడానికి చాలదు. మంచి నకిలీకీ మంచి గాజు వెయ్యవచ్చు.

డయల్ పై భాగంలో చిన్న లంగరు గుర్తు ఉంటుంది. ఆటోమేటిక్ రాడోలలో అది అంటించిన బొమ్మ కాదు. ఎర్రటి కెంపు మీద ఇరుసులో నిలిచి, చెయ్యి కదిలినప్పుడల్లా తనకు తానే ఊగుతుంది. టైం చూపించడానికి అది ఏ విధంగానూ పనికిరాదు. కానీ కంటికి కనిపించే ఒక్క ఇరుసును డయల్ మీద పెట్టి, లోపల కనిపించని ఇరుసులు కూడా ఇలాగే ఉన్నాయని చెప్పడం గడుసు ఆలోచన. లంగరు బిగుసుకుపోయిందంటే లోపలి నూనె కూడా ఎండి ఉండొచ్చు, సర్వీసింగుకు ఇవ్వమని లెక్క. బ్యాటరీతో నడిచే రాడోలలో లంగరు కదలదు, అంతమాత్రాన దాన్ని నకిలీ అనకూడదు.

ఇంత పని ఉన్న వాచీకి సెకండ్ హ్యాండ్ బజార్లో వచ్చేది ఎంత? వేలల్లోనే. లక్షలు ఆశపడ్డవాడికి నిరాశ తప్పదు. దశాబ్దాల పాటు లెక్కలేనన్ని చేశారు, పైగా పైకవచం చెడదు కనుక బాగున్నవి చాలా మిగిలాయి. దొరకని వస్తువుకే బజారు ఎక్కువిస్తుంది. చెడిపోని వస్తువు చేసినందుకు డయాస్టార్ తన ధరనే తగ్గించుకుంది. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

రెండోది సీకో ఫైవ్. లగ్జరీ మాట దగ్గర దీన్ని ఎత్తితే కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి. జపానులో 1963లో మొదలైన ఈ వరసకు 'ఫైవ్' పేరు అయిదు హామీల వల్ల వచ్చింది: తనకు తానే చాబీ ఎక్కడం, వారమూ తేదీ ఒకే కిటికీలో కనిపించడం, నీళ్లకు తట్టుకోవడం, చాబీ నాలుగు అంకె దగ్గర లోపలికి ఒదిగి ఉండటం, కేసూ చైనూ గట్టిగా ఉండటం. డెబ్బయ్యో దశకం తర్వాత గల్ఫ్ నుంచి వచ్చినవాటిలో తరచుగా కనిపించే యంత్రం 7009. దీనికి చేత్తో చాబీ ఇవ్వడం కుదరదు. ఆగిపోతే చేతిలోకి తీసుకుని అటూ ఇటూ ఊపాలి.

ఊపితే ఏమవుతుందో చూడాలంటే వెనక మూత విప్పించండి. అర్ధచంద్రం లాంటి బరువు ఒకటి ఇరుసు మీద తిరుగుతుంది. అది కుడికి తిరిగినా ఎడమకు తిరిగినా లోపలి స్ప్రింగు మాత్రం ఒకే దిక్కుకు చుట్టుకోవాలి. చాలామంది స్విస్‌వాళ్లు ఈ పనికి అదనపు పళ్లచక్రాలు వాడేవాళ్లు. సీకో 1959లో ఒక్క రేకుముక్కతో తేల్చేసింది. దానికి రెండు కొక్కేల వేళ్లు. బరువు తిరిగినప్పుడు ఆ రేకు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ముందుకు జరిగితే ఒక వేలు పళ్లచక్రాన్ని తోస్తుంది, వెనక్కి జరిగితే రెండో వేలు అదే చక్రాన్ని అదే దిక్కుకు లాగుతుంది. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. పోగు పడ్డప్పుడల్లా బట్టను ఒక్కో పన్ను చొప్పున ముందుకు జరిపే కొక్కెం, పళ్లచక్రం వాళ్ల సాంచాకూ ఉంది. తేడా ఏమంటే సాంచా కొక్కెం ఒక దిక్కు కదలికనే పనికి వాడుకుని, వెనక్కి వచ్చేటప్పుడు ఊరికే వస్తుంది. సీకో వేళ్లు రెండు కదలికలనూ వాడుకుంటాయి. సెకనుకు ఆరుసార్లు కొట్టుకునే ఈ యంత్రం గోడకట్టే చేతి మీద కూడా ఏళ్ల తరబడి నడిచింది.

కిటికీలో వారం పేరు రెండు భాషల్లో పెట్టుకునే వీలుంది. మన దగ్గరికి వచ్చిన చాలావాటిలో ఒకటి ఇంగ్లీషు, రెండోది అరబీ. అది గల్ఫ్ దేశాల బజారు కోసం చేసిన సరుకని అదే గుర్తు. తెచ్చినవాళ్లకు అరబీ చదవడం రాకపోయినా శుక్రవారం మాట ఆకారం మాత్రం గుర్తుండేది, సెలవు రోజు కదా. ఇప్పుడు ఎమిరేట్స్‌లో ఆ లెక్కా మారింది. 2022 జనవరి నుంచి ఫెడరల్ ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట.

వెనక మూత మీద ఆరు అక్షరాల నంబరు ఉంటుంది. మొదటి అంకె తయారైన ఏడాదిలోని చివరి అంకె, రెండోది నెల. అక్టోబరుకు సున్న, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి. '8ఎన్' అని మొదలైతే ఎనిమిదితో ముగిసే ఏడాది, నవంబరు నెల. 1978 కావచ్చు, 1988 కావచ్చు. తేల్చుకోవడానికి ఇంట్లో పాత పాస్‌పోర్టు ఉంటే చాలు, మొదటి సెలవుకు దిగిన రోజు ముద్ర పక్కన పెట్టి చూసుకోవచ్చు. కొనేవాడికి కూడా ఇలాంటి సరిపోలిక నమ్మకం ఇస్తుంది. యంత్రం నంబరు, కేసు నంబరు, డయల్ కింది అంచున ఆరు అంకె దగ్గర చీమతల అంత అక్షరాల్లో అచ్చయిన నంబరు, మూడూ పొసగాలి. పొసగకపోతే అది రెండు మూడు వాచీల ముక్కలు కలిపి చేసిన వాచీ.

పొసగనివి బజార్లో బోలెడు. ముంబయి నుంచి వచ్చే 'కొత్తగా చేసిన' పాత సీకోలు ప్రపంచమంతా పేరుమోశాయి, మంచి పేరు కాదు. పాత డయల్‌ను గీకి నారింజ, పచ్చ, నీలం రంగులు వేసి అక్షరాలు మళ్లీ అచ్చు వేస్తారు. దూరం నుంచి తళతళలాడుతుంది. ఐగ్లాస్ పెట్టి చూస్తే అక్షరాల అంచులు ఊరిన సిరాలా అలుక్కుపోయి ఉంటాయి, కింది అంచున ఉండాల్సిన నంబరు ఉండనే ఉండదు. అసలు డయల్ రంగు వెలిసి, మచ్చపడి ఉన్నా సరే, సేకరించేవాళ్లు దానికే ఎక్కువిస్తారు. మన హెచ్ఎంటీలకూ ఇదే గతి పట్టింది. 1961లో సిటిజన్ సాయంతో బెంగుళూరులో మొదలై 2016లో వాచీల పని మూసేశాక పాత జనతా మోడల్ వాచీల మీద మోజు పెరిగింది, మోజుతో పాటే రంగు పూతలూ పెరిగాయి.

పాలిష్ సంగతి ఇంకా ఘోరం. అమ్మే ముందు మెరుగు పెట్టిస్తే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని ఎవరైనా అనుకుంటారు. నగకు అది నిజమే. సీకో ఉక్కు కేసును దగ్గరగా చూడండి. చాలా మోడళ్లలో పైభాగం మధ్య నుంచి అంచులకు సన్నటి గీతల మెరుగు, పక్క గోడలు అద్దపు మెరుగు. రెండూ కలిసే చోట కత్తివాదర లాంటి గీత. ఆ గీత తీసుకురావడమే కేసు చేసినవాడి పనితనం. బఫింగ్ చక్రం మీద ఒక్క నిమిషం పెడితే ఆ వాదర గుండ్రబడిపోతుంది, గీతల మెరుగూ అద్దపు మెరుగూ కలిసి సబ్బుబిళ్లలా మిగులుతుంది. పోయిన లోహం రవ్వంత, పోయిన మజూరీ మొత్తం. వేల రూపాయల సీకోకైనా, లక్షల రోలెక్స్‌కైనా ఈ విషయంలో తేడా లేదు.

రోలెక్స్ మాట వచ్చింది కనుక, నిజంగా పెద్ద ధరలు పలికే వాచీలకూ గల్ఫ్‌కూ ఉన్న చుట్టరికం చెప్పాలి. ఒమన్ సుల్తాన్ ఖాబూస్ 1970ల నుంచి లండన్‌లోని ఆస్ప్రే దుకాణం ద్వారా డయల్ మీద ఖంజర్, అంటే వంకర బాకు, గుర్తు వేయించిన రోలెక్స్‌లు చేయించి, తనకు సేవ చేసినవాళ్లకు బహుమతిగా ఇచ్చేవాడు. ఎమిరేట్స్ డేగ గుర్తు ఉన్న డయల్స్ కూడా ఉన్నాయి. డయల్ మీద చిన్న వంకర బాకు బొమ్మ ఉన్నందుకే వేలంలో అవి మామూలు వాచీని మించి ఎంతో పైకి పోతాయి. 2017 అక్టోబరులో న్యూయార్క్‌లో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ చేతి రోలెక్స్ డేటోనా 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. 'జాగ్రత్తగా నడుపు' అని ఆయన భార్య దాని వెనక చెక్కించిన మాట ఉంది. అదే యంత్రం, అదే డయల్ ఉన్న మరో వాచీకి అందులో చిన్న భాగమే వస్తుంది. కథకు డబ్బిస్తారన్న మాట. అయితే ఎవరి కథ అని కూడా చూస్తారు. మస్కట్‌లో రాజు బహుమతిగా ఇచ్చిన వాచీకి ఉన్న గిరాకీ, అదే మస్కట్‌లో గోడలు కట్టి సంపాదించుకున్న వాచీకి లేదు.

ఇక అమ్మకం. బీరువాలో ఏళ్లుగా పడున్న వాచీని తీసి, నడుస్తోందో లేదో అని రోజుల తరబడి నడిపించి చూడకండి. వాడకపోయినా నూనె ఎండుతుంది, ఎండిన ఇరుసులు తిరిగితే అరుగుతాయి. సర్వీసింగు చేయించాలా వద్దా అన్నది వాచీని బట్టి ఉంటుంది. సీకోకు, రాడోకు ఆ ఖర్చు అమ్మకంలో తిరిగి రాకపోవచ్చు. చేయించకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మడమే మేలు. రోలెక్స్, ఒమేగా లాంటివైతే ఎక్కడ సర్వీసింగు చేయించారో చూపే రసీదుకు కూడా విలువ కడతారు. పాత డబ్బా, గ్యారంటీ కార్డు, కొన్న దుకాణం బిల్లు, అరబీలో ఉన్న కాగితమైనా సరే, పారెయ్యకండి.

సిరిసిల్లలోనో కరీంనగర్‌లోనో వాచీ మెకానిక్కుకు ఇస్తే ఆయన విడిభాగాల లెక్కన కడతాడు, ఆయన అవసరం అదే. హైదరాబాద్ డీలరు తాను అమ్మబోయే ధరలోంచి సర్వీసింగు, దుకాణం ఖర్చు, అమ్ముడుపోదేమో అన్న భయం, లాభం, ఆ లాభం మీద జీఎస్టీ తీసేసి మిగిలింది చెబుతాడు. అది వినగానే మోసమనిపిస్తుంది, చాలాసార్లు మోసం కాదు. సేకరించేవాళ్లకు నేరుగా అమ్మితే ఎక్కువొస్తుంది, ఓపిక కావాలి. వాళ్లు ముందు, వెనక, రెండు పక్కలు, మూత తీసి లోపలి యంత్రం ఫోటోలు అడుగుతారు. అడక్కముందే పంపండి, ఊడిన పెచ్చు ఉంటే దాని ఫోటో మొదట పంపండి. 10 లక్షలు దాటిన వాచీ కొనేటప్పుడు 2025 ఏప్రిల్ నుంచి దుకాణదారు ఒక శాతం టీసీఎస్ పన్ను వసూలు చేస్తున్నాడు. గంభీరావుపేటలో ఆ ఇబ్బంది ఎక్కువమందికి ఉండకపోవచ్చు.

ఇంకొకటి, అందరూ మర్చిపోయేది. దుబాయిలో కొన్నరోజు బక్క చేతికి సరిపోయేలా దుకాణంవాడు చైనులోంచి రెండు మూడు లింకులు తీసి చిన్న ప్లాస్టిక్ కవర్లో ఇచ్చి ఉంటాడు. పాత డయాస్టార్ లింకులు విడిగా దొరకడం కష్టం, అవి లేకపోతే లావు మణికట్టువాడు బేరమే మానుకుంటాడు. నగల డబ్బా అడుగున, పాత చెవిపోగుల మధ్య ఒకసారి వెతికి చూడండి.